బానెట్ కింద కుంకుమ

వంశీ ఆ స్పేర్ పార్ట్స్ అంగడి మెట్లెక్కేసరికి దేవుడి పటం ముందు ఊదుబత్తి సగం కూడా కాలలేదు. కళ్యాణదుర్గం బజారులో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. తనను ఆలస్యం చేయడానికే అందరూ ఇంత నిదానంగా లేస్తున్నారని అతని విసుగు.

కౌంటరు వెనక ఒకమ్మాయి గుడ్డతో గాజు అరలు తుడుస్తోంది. వంశీ తన ఫోను ఆమె ముఖం ముందు పెట్టి, అందులో కనిపిస్తున్న నీలం రంగు స్కానర్ కావాలన్నాడు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. స్టీరింగు కింద సాకెట్లో గుచ్చి ఫోనుకు కలిపితే, ఇంజనుకు వచ్చిన జబ్బేదో కోడ్ రూపంలో చెప్పేస్తుంది. నిన్నంతా వీడియోల్లో అదే చూశాడు.

"ఏం బండి?" అని అడిగిందామె.

"జీపు. ఫోర్ బై ఫోర్."

"ఏ సంవత్సరం?"

"రెండు వేల ఎనిమిది. ఏం, జాతకం రాస్తారా?"

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "జాతకం రాసే పని లేదు. ఈ స్కానర్ ఆ బండికి పని చేయదు. ఇయ్యను."

"నేను కొంటానంటే మీరు ఇయ్యననేదేంది?"

"పని చేయని వస్తువు అమ్మి, రేపు మీ చేత తిట్లు తినేకి నాకు తీరిక లేదప్పా."

వచ్చిన ప్రతివాణ్ణీ 'అన్నా' అని పిలిచే పిల్ల, ఇతణ్ణి మాత్రం 'అప్పా' అంది. ఎందుకలా అందో ఆమెకూ తెలియదు.

లోపలి గదిలో సరుకు సర్దుకుంటున్న సోమశేఖర్ చెవిన ఈ మాటలు పడ్డాయి. ఆయన మూడు తరాల వ్యాపారి. పొద్దున్నే మొదటి గిరాకిని ఉత్త చేతులతో పంపితే ఆ రోజంతా గల్లాపెట్టె ఆవులిస్తుందని ఆయన నమ్మకం. పరుగున బయటికి వచ్చి, "సుష్మితా, బోణీ గిరాకమ్మా" అని కూతురితో బతిమాలుతున్నట్టు అన్నాడు. కూతురు కదలలేదు. ఇటు వంశీకి రోషం వచ్చింది, ఇక ఈ అంగడిలో గుండుసూది కూడా కొననని మెట్లు దిగబోయాడు. సోమశేఖర్ అడ్డం వచ్చి అతని చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. చివరికి పెద్దాయన ముఖం చూడలేక వంశీ ఒక ఫ్యూజు కొన్నాడు. ఆ అమ్మాయి దాన్ని బంగారం పొట్లం కట్టినట్టు కాగితంలో మడిచి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నవ్వు ఆపుకుంటోందని అతనికి స్పష్టంగా కనిపించింది.

బజారు చివర జీపు దగ్గరికి నడుస్తూ, సరుకు అమ్మనని చెప్పే వ్యాపారిని ఈ సీమలో ఎక్కడా చూడలేదని మనసులో తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

వంశీది కంబదూరు. బెంగుళూరులో ఒకే ఏడాదిలో రెండు ఉద్యోగాలు చేసి, రెండూ వదిలేసి వచ్చాడు. కుర్చీలో పది నిమిషాలు కూర్చుంటే అతనికి ఒంట్లో చీమలు పాకుతాయి. ఇంటికొచ్చాక అతని కాలు నిలిచింది ఒక్క జీపు మీదే. కంబదూరు పక్క కొండల మీద గాలిమరలు ఉన్నాయి. వాటికి మరమ్మతు చేసే ఇంజనీర్లను, వాళ్ల సామాన్లను రాళ్ల దారిలో పైకి చేర్చాలంటే మామూలు కార్లు పనికిరావు. వాళ్ల నాయన బయ్యన్న ఎప్పుడో కొన్న ఆ పాత జీపును వంశీ అక్కడ బాడుగకు తిప్పుతున్నాడు. ఒక పని మీద ఇన్ని నెలలు నిలవడం అతనికి జీవితంలో ఇదే మొదటిసారి.

అలాంటి జీపు ఈ దసరా పోయినప్పటి నుంచి మొరాయిస్తోంది. సగం కొండ ఎక్కగానే ఎర్రగా ఇంజన్ లైటు వెలుగుతుంది, బలం పడిపోతుంది. కిందికి దిగి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే లైటు ఆరిపోయి, ఏమీ ఎరగనట్టు గుర్రమంటుంది. అత్తగారి ముందు వినయంగా నిలబడ్డ కొత్త కోడలు కూడా అంత నటించదు. మెకానిక్కులు ఊహ మీద ఊహ పెట్టి సెన్సార్లు మార్చారు. అనంతపురం తీసుకుపోయినా అదే కథ. జబ్బు కొండ మీదే వస్తుంది కాబట్టి, కొండ మీదే చదివే మిషన్ తన చేతిలో ఉండాలని వంశీకి తోచింది.

ఆ నీలం స్కానర్‌ను ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. కొండ మీద లైటు వెలగ్గానే గుచ్చాడు. బండితో మాట కలవడం లేదని ఫోను తెర మీద వచ్చింది. మళ్లీ గుచ్చాడు, మళ్లీ అదే మాట. వెనక ఇంజనీర్లు దిగి సామాన్లు భుజాన వేసుకుని మిగిలిన కొండ నడిచి ఎక్కారు. నెల లోపల బండి బాగు కాకపోతే వేరే బండి చూసుకుంటామని వాళ్ల పెద్ద చెప్పి పంపాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇంటికొచ్చేసరికి బయ్యన్న ఇంకో కబురు చెప్పాడు. గుంతకల్లులో ఆంజినప్ప అని రిటైరైన రైలింజను డ్రైవరు ఉన్నాడు, ఆయనకు తోట తిరగడానికి ఇలాంటి జీపు కావాలట. కార్తీక పున్నమి దాటాక ఇస్తానని బయ్యన్న మాట ఇచ్చేశాడు.

"నన్ను అడగకుండా ఎట్ల ఇస్తివి నాయనా?"

"నిలకడ లేని బండి, నిలకడ లేని డ్రైవరు. ఇద్దరినీ ఎంతకాలం మేపల్ల నేను?"

బయ్యన్న మాటలు వేరుశనగ పొట్టులా గరుకుగా ఉంటాయి. వంశీ అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. వెనక నుంచి వాళ్లవ్వ బయమ్మ పిలుస్తున్నా ఆగలేదు. జీపు పోతే తను మళ్లీ పని లేనివాడవుతాడు, అప్పుడు నాయన అన్న మాటే నిజమవుతుంది. అతనికి అసలు భయం అదే. పున్నమి లోపల బండి బాగైతే నాయన మనసు మార్చుకుంటాడని ఆశ పెట్టుకున్నాడు.

మర్నాడు కళ్యాణదుర్గం వెళ్లాడు గానీ, తిన్నగా అంగడికి పోలేదు. తను బోణీ గిరాకి కాకూడదని మధ్యాహ్నం దాకా బజారులో కాలుగాలిన పిల్లిలా తిరిగి, నాలుగు టీలు తాగి, అప్పుడు మెట్లెక్కాడు.

సుష్మిత అతని ముఖం చూసి వెంటనే అడిగింది. "నీలం డబ్బీ ఏమంటాంది?"

"మాట కలవడం లేదంట."

"కలవదు. సాకెట్ ఒకటే ఆకారం, అంతే. మీ బండి మాట్లాడేది పాత భాష, ఆ డబ్బీకి వచ్చేది కొత్త భాష. మా మేనత్తది గుమ్మఘట్ట. ఆమె సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడితే ఈడోళ్లకు గూడా సగమే అర్థమైతాది. యాడి నుంచో వచ్చిన పిల్లోడికి ఏం తెలుస్తాది?"

"అట్లయితే పెట్టె మీద అన్ని బండ్లకూ అని రాసినారు గదా?"

"రాసేకేం పోతాది?"

అతనికి నవ్వొచ్చింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు అది.

ఆమె కౌంటరు మీద మూడు రకాలు పరిచింది. ఒకటి వంశీ కొన్న నీలం డబ్బీ లాంటిదే. రెండోది చేతిలో పట్టేంత, మందమైన వైరు, చిన్న తెర ఉన్న మిషన్. మూడోది గ్యారేజీలలో వాడే పెద్ద పలక, పూజారి హారతి పళ్లెమంత ఉంది. ఏది కొన్నా పెద్దదే కొనే బయ్యన్న కొడుకు కాబట్టి వంశీ వేలు సహజంగానే పెద్దదాని మీదికి పోయింది. ఎలుకను పట్టడానికి ఏనుగును కొంటారా అని ఆమె దాన్ని తిరిగి అరలో పెట్టేసింది. అది బ్రేకులను, గాలి బ్యాగులను, ఏసీని కూడా చదువుతుంది. ఈ పాత జీపులో చదవడానికి ఇంజన్ తప్ప ఇంకేమీ లేదు. రెండో మిషన్‌కు పాత భాష వచ్చు, బండి నడుస్తున్నప్పుడు లోపలి అంకెలన్నీ తెర మీద చూపిస్తుంది. జబ్బు నడకలోనే వస్తోంది కాబట్టి కావలసింది అదే అని తేల్చింది. బి.టెక్ అయ్యాక నాయనను ఒప్పించి ఈ మిషన్లు తెప్పించింది ఆమే. కొనేవాళ్లు తక్కువ. అయినా తప్పుడు మిషన్ ఒక్కటి కూడా అంటగట్టలేదని సోమశేఖర్ బాధ.

అది కూడా పని చేయకపోతే ఎలా అని వంశీ అడిగాడు. ఒకసారి కాలిన చెయ్యి కదా. పట్టుకుపోయి చూసి తెస్తానన్నాడు. సోమశేఖర్ వెంటనే తల అడ్డంగా ఊపాడు. డబ్బు కట్టని మిషన్ అంగడి గడప దాటదు, గడప దాటిన మిషన్ మళ్లీ కొత్తదిగా అమ్ముడుపోదు. అది తాతల నాటి పద్ధతి. అయితే మిషన్ తన చేతిలోనే ఉంటుంది కాబట్టి అంగడి దాటినట్టు కాదని సుష్మిత వాదించింది. కూతురు ఒక్కతే కొండ మీదికా అని ఆయన మళ్లీ తల ఊపాడు.

అప్పుడే అన్నం క్యారియర్ తెచ్చిన సుష్మిత తల్లి లలితమ్మ, "నేను పోతాను దానెంబడి. ఆ గాలిమరలు దగ్గర నుంచి చూడల్లని నాకు ఎన్నేండ్లుగానో ఉండాది" అంది.

ఇరవై ఐదేళ్ల కాపురంలో భార్యకు అలాంటి కోరిక ఉందని సోమశేఖర్‌కు ఆ రోజే తెలిసింది. ఈసారి ఆయన తల నిలువుగా ఊపాడు.

శుక్రవారం పొద్దున్నే జీపు కొండ దారి పట్టింది. సుష్మిత ముందు సీట్లో ఒళ్లో మిషన్ పెట్టుకుని కూర్చుంది. వెనక లలితమ్మ, ఆమె పక్కన చిత్రాన్నం డబ్బా, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల చెంబు. బయట ఎక్కడా నీళ్లు కూడా ముట్టని మనిషి ఆమె.

ఆ రోజే జీపుకు ఎక్కడలేని ఆరోగ్యం వచ్చింది. ఒక్కసారి కూడా దగ్గకుండా కొండ కొస దాకా ఎక్కింది. వంశీ కిందికి దింపి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే. లలితమ్మకు ఆనందం పట్టలేదు. తల మీద తిరుగుతున్న రెక్కలను కళ్లార్పకుండా చూసి, ఇంకోసారి ఎక్కుదామంది. వంశీ స్టీరింగు మీద వేళ్లు దరువు వేస్తూనే ఉన్నాడు.

"ఆ వేళ్లు ఆపు. మిషన్ కంటే ఎక్కువ లెక్క చెప్తాండాయి" అంది సుష్మిత.

"ఇప్పుడు లైటు రాకుంటే నువ్వు నన్ను అబద్ధాలోడు అనుకుంటావు."

"అనుకోను. అబద్ధం చెప్పేవాడికి ఇంత చెమట పట్టదు."

మీరు అనే మాట పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. వెనక సీట్లో ఒకరు గమనించారు గానీ, ఆమె చిత్రాన్నం డబ్బా మూత తీయడంలో మునిగినట్టు ఉండిపోయింది.

మధ్యాహ్నానికి పడమటి నుంచి ఒక మబ్బు వచ్చింది. ఆ కొండల మీద మబ్బులు ఎప్పుడూ వచ్చినట్టే వచ్చి పక్క జిల్లాకు పోతాయి. ఇది మాత్రం ఆగి, నాలుగు చినుకులు రాల్చి, ఆ తర్వాత సన్నగా పట్టుకుంది. ఎర్రమన్ను వాసన గుప్పుమంది. సుష్మిత కిటికీలోంచి చెయ్యి బయటికి చాపింది. చినుకులు అరచేతిలో పడుతుంటే ఆమె ముఖంలోకి వచ్చిన సంతోషం చూస్తూ వంశీ దారి మీద కన్ను మరిచిపోయాడు. జీపు ఒక రాయెక్కి దిగింది. లలితమ్మ గోవిందా అంది. అదే క్షణంలో ఇంజన్ లైటు ఎర్రగా వెలిగింది.

ఆ లైటు చూసి వంశీ సంతోషించడం అదే మొదలు. "వచ్చింది" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. సుష్మిత తెర వైపు వంగింది. మిషన్ గడగడా అంకెలు పోసి, చివరికి ఒక కోడ్ మీద నిలిచింది. డీజిల్ ఒత్తిడి చూసే సెన్సార్ అంది ఆమె. ఆ సెన్సార్ రెండుసార్లు కొత్తది వేశామని వంశీ నీరుగారిపోయాడు. కోడ్ చెప్పేది నొప్పి ఉన్న చోటే గానీ నొప్పికి కారణం కాదని, సెన్సార్ మంచిదైతే దానికి వెళ్లే తీగను చూడాలని ఆమె బానెట్ ఎత్తమంది.

పమిట చెంగు తల మీద కప్పుకుని లలితమ్మ కూడా దిగింది. ముగ్గురూ ఇంజను మీదికి వంగారు. సుష్మిత సెన్సార్ ప్లగ్గును వేళ్లతో ఊడదీసి తిప్పి చూసింది. లోపల పిన్నుల మీద పచ్చగా చిలుము. ఆ చిలుములో ఎర్రగా ఏదో ఎండి అంటుకుని ఉంది. ఆమె వాసన చూసి, ఆ వేలు వంశీ ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది కుంకుమ. టెంకాయ నీళ్లు గూడా పడి పులిసినాయి. ఆయుధ పూజ ఎవరు చేసినారు?"

వంశీకి ఒక్కసారిగా అంతా కళ్ల ముందు తిరిగింది. దసరాకు వాళ్లవ్వ బయమ్మ జీపు బానెట్ ఎత్తమంది. పని చేసేది ఇంజను కదా, బయట బంపరుకు టెంకాయ కొడితే లోపలి దేవునికి ఎలా అందుతుంది అని ఆమె వాదన. ఇంజను మీదే కొట్టి, దొరికిన ప్రతి మూతకూ ప్లగ్గుకూ బొట్టు పెట్టింది. అందరూ దండం పెట్టుకున్నారు. వంశీ కూడా పెట్టుకున్నాడు. కింద నున్నటి రోడ్డు మీద ఆ చిలుము ఊరుకుంది, కొండ కుదుపులకూ చెమ్మకూ బయటపడింది.

సుష్మిత అంగడి నుంచి తెచ్చిన క్లీనర్ స్ప్రే కొట్టి, పాత టూత్ బ్రష్‌తో పిన్నులు తోమి, ప్లగ్గు మళ్లీ బిగించింది. లైటు ఆరింది. జీపు అదే వానలో కొండ కొసకు ఒక్క ఊపున ఎక్కింది. వంశీ ఆమెకు ఏదో చెప్పాలనుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక చిత్రాన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

దిగేటప్పుడు వంశీ ఇల్లు దారిలోనే ఉంది కాబట్టి ఆపక తప్పలేదు. బయ్యన్న అరుగు మీద ఉన్నాడు. జీపు గొంతు విని అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఇంతకీ లోపల ఏం జబ్బు అని బయ్యన్న నేరుగా సుష్మితనే అడిగాడు. అవ్వ చెంబు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది, తన పూజ బండికి ఎంత కలిసొచ్చిందో వినాలని ముఖమంతా ఆశగా. వంశీ నోరు తెరవబోయాడు. అతనికన్నా ముందే సుష్మిత, దుమ్ము చేరింది అంతే, తుడిస్తే పోయింది అని చెప్పేసింది.

ఆ క్షణంలో వంశీకి తెలిసిపోయింది. తను ఈ అమ్మాయిని ప్రేమిస్తున్నాడు. ఇక మామూలుగా ఉండటం కుదరదు.

కానీ ఇల్లలకగానే పండగ కాదు. బండి బాగైంది కదా నాయనా, ఇక అమ్మకమెందుకని ఆ సాయంత్రం అడిగితే, బయ్యన్న మీసం సవరించుకున్నాడు. చెడిపోయిన బండిని అంటగడుతున్నానే అని ఇన్నాళ్లు తన మనసులో ఒక మూల పీకుతూ ఉండేదట. ఇప్పుడు మంచి బండి ఇస్తున్నానని నిద్ర పడుతుందట. మాట మాటే. పైగా ఆంజినప్ప ఒక షరతు పెట్టాడు. ఆయన ముప్పై ఏళ్లు రైలింజను నడిపిన మనిషి, సిగ్నలు పడనిదే అడుగు కదిలించడు. మిషన్ పెట్టి చదివి, ఏ కోడూ లేదని తన కళ్ల ముందు చూపిస్తేనే బండి తీసుకుంటానన్నాడు. ఆ చదివే పాపనే పిలిపించమని బయ్యన్న చెప్పాడు.

ఈ కబురు వంశీకి ఒక దారి చూపించింది. మర్నాడే అంగడికి పోయి, సోమశేఖర్ లోపలికి వెళ్లే దాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. పున్నమి తర్వాత ఆంజినప్ప ముందు చదివేటప్పుడు ఇంకా కోడ్ ఉందని చెప్పమన్నాడు. ఒక్క మాట చాలు, ఆయన తిరిగి పోతాడు, జీపు తనకు దక్కుతుంది.

సుష్మిత అతని వైపు చాలాసేపు చూసింది.

"ప్లగ్గు నువ్వే ముందుగా ఊడబెరికి పెట్టుకుంటావా, లేకుంటే ఆ పని గూడా నేనే చేయల్లా?"

"సుష్మితా, ఆ బండి పోతే నాకు ఇంకేమీ లేదు. ఆ రోజు మా ఇంట్లో దుమ్మని చెప్తివి గదా?"

"అది మీ అవ్వ కోసం చెప్పినా. పూజ చేసిన చెయ్యి బాధపడగూడదని చెప్పినా. నీ కోసం చెప్పను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు వణకలేదు. "నీ కోసం అబద్ధం చెప్పే మనిషి కావల్లంటే ఇంకో అంగడి చూసుకో."

వంశీ మెట్లు దిగాడు. తర్వాతి రోజులు అతనికి గడవలేదు. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే పోవాలనిపించేది, ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. బత్తాయిలు కాసిన తమ చీనీ తోట గట్ల మీద చెప్పులరిగేలా తిరిగాడు. ఫోను తీసి ఆమె పేరు దాకా వెళ్లి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. జీపు పోతుందన్న బాధ కంటే, ఆమె చూసిన ఆ చూపు ఎక్కువ బాధ పెట్టింది. తన గురించి ఆమె ఏమనుకుందో తలుచుకుంటే అతనికి సిగ్గేసేది.

పున్నమి దాటింది. ఆంజినప్ప గుంతకల్లు నుంచి ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారంతో సరిగ్గా చెప్పిన వేళకే వచ్చాడు. సుష్మిత, లలితమ్మ ఆటోలో దిగారు. సుష్మిత వంశీ వైపు చూడలేదు. మిషన్ గుచ్చి తాళం తిప్పింది. అందరూ తెర చుట్టూ మూగారు. ఆమె నోరు తెరవకముందే వంశీ ముందుకు వచ్చాడు.

"బండిలో ఏ జబ్బూ లేదు సార్. నిన్న గూడా కొండ ఎక్కించి దించినా. ధైర్యంగా తీసుకపోండి. రెండో గేర్లో కొంచెం నిదానంగా వదలండి క్లచ్చి, అంతే."

సుష్మిత అప్పుడు తల ఎత్తి అతణ్ణి చూసింది. తెర మీద కూడా అదే ఉందని ఆంజినప్పకు చూపించింది. సిగ్నలు పడిందని ఆయన తృప్తిగా తల ఊపాడు.

ఇంతలో గడపలోంచి బయమ్మవ్వ అడుగు బయట పెట్టింది. "ఇదో నాయనా, ఆయుధ పూజకు టెంకాయ బయటనే కొట్టు. లోపల కొడితే బండి అలుగుతాది."

అందరూ ఆమె వైపు తిరిగారు. అవ్వ లలితమ్మను చూసి నవ్వింది. "నీ కూతురు దుమ్ము అన్యాది తల్లీ. నేను నమ్మినట్లే ఉంటి. ఆ పొద్దు పాప యేలి కొసన ఎర్రగా అంటుకొనుండ్లా? ఆ కుంకుమ నేను పెట్టిందే గదా, నాకు తెలీదా. నన్ను ఒక్క మాట అనకుండా ఇంటికి పోయిన పిల్లను ఇన్నేండ్లలో నేను సూడలేదు."

సుష్మిత సిగ్గుతో మిషన్ వైరు చుట్టుకోవడంలో పడింది. కాసేపటికి అవ్వ మజ్జిగ తెస్తే, ఇంటి నీళ్ల చెంబు పక్కనే ఉన్నా, లలితమ్మ గ్లాసు అందుకుని తాగింది. బయ్యన్న అది చూశాడు.

ఆంజినప్ప జీపుతో పాటు ఆ మిషన్ కూడా కొనుక్కున్నాడు. సిగ్నలు చెప్పే మిషన్ లేకుండా ఇంజను నడపడం ఆయన వల్ల కాదట. జీపు మలుపు తిరిగి దుమ్ములో కలిసిపోయేదాకా వంశీ చూస్తూ నిలబడ్డాడు. బయ్యన్న వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మాట నాది, బండి నీది. ఆ దుడ్లు నీవే. ఇంకో బండి సూసుకో" అన్నాడు. "ఆయనకు నిజం చెప్తివే, బాగుండాది" అని, మెచ్చుకోవడం అలవాటు లేని మనిషి కాబట్టి వెంటనే తోట వైపు వెళ్లిపోయాడు.

నాలుగైదు రోజులు ఆగి వంశీ కళ్యాణదుర్గం బస్సెక్కాడు. చేతిలో మంచి సాకు ఉంది. ఇంకో పాత బండి వెతకాలి, కొనేముందు మిషన్‌తో చదివించాలి, చదివే మనిషి ఆమే. దారంతా ఆ మాటలే సర్దుకున్నాడు. బస్టాండులో దిగేటప్పుడు ఎందుకో ఆ సాకు మీద అసహ్యం వేసి, దాన్ని బస్సులోనే వదిలేశాడు.

అంగడిలో ఎండ కౌంటరు దాకా వచ్చింది. సుష్మిత ఒక్కతే ఉంది.

"ఏం కావల్ల?"

"ఏమీ వద్దు."

"మరి?"

తెచ్చిపెట్టుకున్న ధైర్యంతో, నేల చూడకుండా ఆమెనే చూస్తూ చెప్పాడు.

"బండి లేదు. మిషన్ అక్కర లేదు. కొనేది ఏమీ లేదు. నిన్ను చూసేకి వచ్చినా. నువ్వంటే నాకు ఇష్టం సుష్మితా. ఆ రోజు అడగగూడనిది అడిగినా, అది తప్పే. నీకు ఇష్టం లేదంటే మూడు గంటల బస్సుకు పోతా, మళ్ళ వచ్చి సతాయించను."

అదే సమయానికి ఒక లారీ డ్రైవరు ఫ్యాన్ బెల్టు అడుగుతూ వచ్చాడు. ఆమె వెళ్లి, కొలత చూసి, ఇచ్చి, బిల్లు రాసింది. వంశీ నిలబడే ఉన్నాడు. ఆమె తిరిగి వచ్చి, లోపలున్న ఒక స్టూలు మీద నుంచి డబ్బాలు దించి, దాన్ని తెచ్చి అతని ముందు పెట్టింది.

"కూచో."

అతను కూర్చున్నాడు. గిరాకులు వచ్చారు, పోయారు. ఆమె బిల్లులు రాస్తూ పోయింది. అతని వేళ్లు దరువు వేయలేదు, కాలు ఊగలేదు. బజారు చివర మూడు గంటల బస్సు హారను కొట్టింది, మళ్లీ కొట్టింది, కదిలింది. ఆ చప్పుడు దూరమయ్యే దాకా ఇద్దరూ విన్నారు.

"బస్సు పోయింది" అంది ఆమె.

"పోనీ."

"నాకూ ఇష్టమే." ఆమె బిల్లు పుస్తకం మూసి నేరుగా చూసింది. "కొండ మీద నుంచే కొంచెం ఉండె. మధ్యలో నువ్వే పోగొట్టినావు. ఆయన ముందర నీ నోటితో నువ్వే నిజం చెప్తివి చూడు, ఆ పొద్దు గట్టిగా అనుకున్నా."

వంశీకి లేచి బజారంతా పరుగెత్తాలనిపించింది. కానీ స్టూలు మీద నుంచి లేవలేదు.

సోమశేఖర్ మధ్యాహ్నం కునుకు తీసి వచ్చేసరికి కథ ఇదీ. గిరాకికి ఏం కావాలని కూతురిని అడిగాడు. ఏమీ కొనడానికి రాలేదు నాయనా అని ఆమె చెప్పింది. ఏమీ కొనకుండా తన అంగడిలో ఒక మనిషి కూర్చోవడం ఆయన ఎరగడు. కూతురి ముఖం చూశాడు, ఆ పిల్లాడి ముఖం చూశాడు, ఇంటివాళ్లు తప్ప ఎవరూ కూర్చోని ఆ స్టూలును చూశాడు. లలితమ్మ మజ్జిగ తాగిన సంగతి ఇంట్లో అప్పటికే రెండుసార్లు చెప్పి ఉంది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏమప్పా, మా ఇంట్లో కోడికూర దొరకదు. తెలుసునా?"

"తెలుసు సార్."

"మీ నాయనతో మాట్లాడల్ల. అది ఈ పొద్దుతో అయ్యే పని కాదు." పైకి వేలు చూపించాడు. "ఊరికే కూచోకుండా ఆ పై అరలో ఫిల్టర్ల పెట్టె ఉండాది, దించు. నాకు నడుము నొప్పి."

వంశీ స్టూలెక్కి పెట్టె దించాడు. అందుకోవడానికి సుష్మిత రెండు చేతులూ చాచింది.